బిళ్ళ లెక్క

బల్లార్షా బొగ్గుబాయి ల్యాంపురూముల
పదకొండేండ్ల సంది కిటికీ పక్కన కూసున్న.
దిగేటోనికి దీపమిస్త, ఇత్తడి బిళ్ళ ఇస్త.
ఎక్కొచ్చినోడు రెండూ ఇచ్చి పోవాలె.
దీపం పోతే జీతంల కోస్తరు.
బిళ్ళ రాకపోతే
మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు లెక్క.
నాకు బిళ్ళ లేదు. పైన ఉండేదాన్ని గద.

బండ కూలిన దినం
నూట ఎనబై నాలుగు దిగినయ్,
నూట ఎనబై నాలుగు ఎక్కినయ్.
ఓదెలు దీపం మీద చారెడు దుమ్ము, నేనే తుడిచిన.
ఆయన నిలబడ్డ జాగకు రెండడుగుల అవతల కూలిందట.
ఎంక్వైరీ సాబు రాసిండు: గాయాలు నిల్.
మూడొద్దుల సెలవు, బీపీ, బరువు, కంటిచూపు,
ఫిట్టు.

నాలుగోనాడు షిఫ్టు దిగి దీపం ఇచ్చిండు,
బిళ్ళ ఇయ్యలే.
"నూట నలబై రెండు, బిళ్ళేది?" అన్న.
జేబు తడుముకొని
కేజీ దిక్కు మర్రి చూసి
"వస్తది" అన్నడు.
ఎవలొస్తరని అడగలే నేను.
ఎనుక యాభై మంది లైన్ల ఉన్నరు.
ఓవర్‌మన్ వాన్ఖడే మొదలు మరాఠీల తిట్టిండు,
సాలలేదేమో, తెలుగుల తిట్టిండు.

తర్వాత క్లబ్బుల మీటింగు పెట్టిన్రు.
నాగపూర్ సంది ఒకాయన వచ్చి
"తనావ్, తనావ్" అని గంటసేపు చెప్పిండు.
ఊపిరి పీల్చమన్నడు, వదలమన్నడు.
"బాయిల దిగేటోళ్ళకు ఊపిరి నేర్పుతాండు" అని
నా పక్కన బుచ్చన్న గుసగుసలాడిండు.
చాయ, బిస్కీటు పుడ, హాజరీ సంతకం.
ఓదెలు సంతకం అందరికంటె గుండ్రంగ ఉన్నది.

మా అవ్వ దీన్ని మనాది అనేది.
మనాది పట్టినోన్ని ఒంటిగ పండనియ్యొద్దనేది.
ఫిట్టు కాయితంల
మనాదికి గడి లేదు.

ఆదివారం వాళ్ళ క్వార్టరుకు పోయిన.
చినుకులు పడుతానయ్, మంచం వాకిట్ల ఉన్నది.
"లోపల పండడు వదినె," అన్నది రాజుబాయి,
"నడిజాముల లేచి కట్టెతోని స్లాబును కొట్టి
చెవి పెట్టి ఇంటడు.
పొల్లు సప్పుడు వస్తాందంటడు.
పిల్లలను బయటికి గుంజుతడు."
ఓదెలు గొడుగు కింద కూసోని ఉన్నడు.
అరచేయి తెరిచి బిళ్ళ చూపెట్టిండు.
రుద్ది రుద్ది నెంబరు సగం అరిగింది.
"నేనింక ఎక్కలే" అన్నడు మెల్లగ. "ఎక్కినంక ఇస్త."

ధైర్యం చెప్పే మాటలు నాకు చాన వచ్చు.
ఒక్కటీ నోట్లెకు రాలే.
మంచానికి ఒక కొస నేను పట్టిన, ఒక కొస ఆయన పట్టిండు,
పాకల రేకు కిందికి జరిపినం.
రేకు పల్చన. కూలినా చంపది.
ఆడ కూసున్నడు.

బుధవారం నాకు సెలవు.
చంద్రపూర్ దవాఖానల ఆ డాక్టరమ్మ బుధవారమే ఉంటదట.
పేపరుమిల్లు వాసన దాటేదాక బస్సుల ఎవలం మాట్లాడలే.
కిటికీ సీటు ఆయనకిచ్చిన.
లోపల ఏం చెప్పిండో, నేను బయట బెంచీ మీదున్న.
వచ్చినంక ఒక్కటే అన్నడు:
"సప్పుడు ఎట్లుంటదో అడిగింది."
ఇన్నొద్దుల్ల ఎవ్వలం అడగలే అది.

గోలీలు మింగుతాండు. మల్ల రమ్మన్నది, పోతాం.
నిన్న బిళ్ళ ఇచ్చిండు.
ఇయ్యాల ఇయ్యలే.
రిజిస్టరుల ఆ నెంబరు పక్కన పెన్సిలు చుక్క పెట్టి
కిటికీ తీసే ఉంచిన.

వాన్ఖడే వచ్చి "ఇంకెవలున్నరు కింద?" అన్నడు.
"ఒకలున్నరు" అన్న.
తిట్టలే.
స్టూలు గుంజుకొని కూసున్నడు, చానసేపు.
అప్పుడు చూసిన,
ఆయన చెయ్యి కూడ
జేబుల్నే ఉన్నది.