నీళ్ల ట్యాంకు వెనుక

సజ్జాల మా క్యాంపు, బి బ్లాకు, పదకొండో రూము.
గురువారం రాత్రి అన్నం కుక్కరు మూత నేల మీద బోర్లించి
"ఇది మన బేసు" అన్నడు ఓబులేసు.
కడపాయన. పరంజీ కట్టే పని. యుద్ధం సంగతి
ఆయనకెట్ల ఎరుకనో ఎవరం అడగలే.
కందిపప్పు బద్దలు నాలుగు, మేము.
ఎండు మిరపకాయలు నాలుగు, సి బ్లాకు.
"దీనికి రెండు తలుపులుండాయి, ఒక గాలికంత.
తలుపులు అందరూ చూస్తారు. మనం సచ్చేది కంతతోనే."

ముగ్గురు పోవాలె, జెండా తేవాలె.
ఒకడు ఉండాలె.
ఆ మాట కాడ రూమంత సప్పుడు లేదు,
ఏసీ ఒక్కటే గురక పెట్టింది.

భూమేశ్ ఉండడు. వాని బొటనవేళ్లు ఆగవు,
గేటు తెరవకముందే గోడ దుంకుతడు,
సచ్చి, మళ్ల పుట్టి, మళ్ల అదే గోడ దుంకుతడు.
అజహర్ డ్రైవరు, బండి దొరికితే దిగడు.
ఓబులేసు, మూత బోర్లించినోడు, ముందుండాలంట.
మిగిలింది నేను.
పగలు పన్నెండు గంటలు రంగుడబ్బాల గోదాముకు కాపలోన్ని,
రాత్రికి ఇంకో గోదాము ఇచ్చిన్రు.

కాపలా సంగతి జెప్త వినున్రి.
కండ్లు మూసుకున్నా నడుస్తది, చెవులు మూసుకుంటే నడ్వది.
ఇసుక మీద బూటు ఒక తీరు, రేకు మీద ఒక తీరు.
ఉరికొచ్చేటోని అడుగు నిజం చెప్తది,
మెల్లగొచ్చేటోని అడుగు అబద్ధం ఆడుతది,
రెండడుగుల నడుమ సందు వాన్ని పట్టిస్తది.
మందుపాతర తలుపు కాడ పెట్టొద్దు.
తలుపు దాటినంక, "హమ్మయ్య, లోపలికొచ్చిన" అని
వాడు ఊపిరి వదిలే జాగల పెట్టాలె.
మరతుపాకి మొఖం జెండా దిక్కే తిప్పి ఉంచాలె.
దొంగ వచ్చేటప్పుడు పులి,
పోయేటప్పుడు మూట మోసే గాడిద.
వానికి తొందర. మనకేం లేదు.

ఇదంత నాకెవరు నేర్పలే.
గోదాముకు రెండేండ్ల సంది ఒక్కడు రాలే గనుక
వస్తే ఎట్ల వస్తరో అన్నీ ఆలోచించి పెట్టుకున్న.

ఆట అయినంక తెర మీద లెక్క పడ్తది.
భూమేశ్ ఇరవై ఒకటి. అజహర్ పద్నాలుగు.
నా పేరు ఎదురుంగ రెండు, ఒక్కోపారి సున్నా.
సున్నా వచ్చిన రాత్రే మేము గెలిచిన రాత్రి,
గని సున్నాకు ఎవడు చాయ్ తాగిపియ్యడు.

ఆగస్టుల ఒకనాడు క్యాంపు మొత్తం కరెంటు పోయింది.
ఏసీలు ఆగినయి, చెవులు గుయ్‌మన్నయి.
జెండా ఎవని చేతులున్నదో తెల్వకుంటనే
రెండు బ్లాకులు మిద్దె ఎక్కినయి
బనీన్ల మీద, అట్టముక్కలతోని ఇసురుకుంట.
మిరపకాయలు నలుగురు అక్కడ్నే ఉన్నరు.
అండ్ల ఒకడు జర్‌గుల్, మెస్సుల మాకు రొట్టెలేసే పెషావరాయన,
వేలు చూపి ఒక్కొక్కన్ని అడుగుతున్నడు హిందీల:
"నీళ్ల ట్యాంకు వెనుక కూసునేది ఎవడు? నువ్వా? నువ్వా?"
భూమేశ్‌ను దాటిండు. ఓబులేసును దాటిండు.
నేను చెయ్యి లేపిన, బడిల పోరని తీరు.

దగ్గరికొచ్చి మొఖం మీద ఫోను లైటు వేసిండు.
"మూడు నెలలు. రోజు ఆ కంతల దూరుత.
రోజు నువ్వే ఉంటవు.
నిద్ర పోవా?"
పోత, డ్యూటీల, అన్న.
నవ్విండు. ఒంటి నిండ పిండి వాసన.
మా రూమోళ్లు అప్పుడు నా దిక్కు తిరిగి చూసిన్రు,
నా మీది మంచం మీద పండేటోడు గూడ.

కరెంటు వచ్చేసరికి రెండయింది.
మర్నాడు మెస్సుల నా పళ్లెంల రొట్టె ఒకటి ఎక్కువ పడ్డది.
తిన్న. తినుకుంటనే అనుకున్న,
ట్యాంకు జాగ నా నోటితోనే ఒప్పుకుంటి, ఇగ పనికి రాదు.

ఆ రాత్రి జనరేటరు పక్కకు జరిగిన.
కంతల సప్పుడు. రెండడుగులు, ఆగుడు.
జర్‌గుల్ ట్యాంకు దిక్కు తిరిగి,
ఎవరు లేని జాగకు తుపాకి దించి
ఊకెనే నిలవడ్డడు.
నేనింక కాల్చలే. వింటున్న.