వంతెన కట్టినోడు

"ర్యాంపు పూర్తయినది" అని
నిన్న రాత్రే టైపు చేసి పెట్టాను.
తనిఖీకి ముందే మినిట్స్ రాసుకోవడం
మా సెక్షన్‌లో కొత్త కాదు.

పదకొండున్నరకి రెండు ఇన్నోవాలు.
తిరుమలగిరి ఎండ, ఫినాయిల్ వాసన,
మాజీ సైనికుల కౌంటర్ మీద
పొద్దున అతికించిన బోర్డు ఓ మూల అప్పుడే లేస్తోంది.
కమిటీ వాళ్లు కుర్చీలు లెక్కపెట్టారు.
ఫ్యాను వేసి చూశారు, ఆపి చూశారు.
ఫిర్యాదుల పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందని
ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

గుండేటి ఐలయ్య మాత్రం లోపలికి రాలేదు.
మద్రాస్ సాపర్స్. పెన్షన్ మీద ముప్పై ఎనిమిదేళ్లు.
బయటే నిలబడి చేతికర్రతో
ర్యాంపుని కొలుస్తున్నాడు.
"పన్నెండడుగులు పోతే అడుగెక్కాలె సార్.
ఇది అయిదుకే ఎక్కుతున్నది."

ఏఈ గారు నవ్వారు.
స్థలం లేదన్నారు, డ్రైనేజీ మూత అడ్డమన్నారు.
"మా కాడ ఒక రివాజుండె" అన్నాడు ఐలయ్య,
"రాత్రికి రాత్రి వాగు మీద వంతెనేస్తే
తెల్లారి కట్టినోడే ముందుగాల దాటాలె."
అని, మూల నుంచి తోసుకొచ్చాడు
ఇవాళ్టి కోసమే కొన్న చక్రాల కుర్చీని.
సీటు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు.

ఏఈ గారు గడియారం చూసుకున్నారు.
చైర్మన్ గారికి ఫోనొచ్చింది.
ఎందుకో మరి, నేను కూర్చున్నాను.

మొదటి రెండు తిప్పులు బాగానే.
మూడోదానికి భుజాలు మొరాయించాయి.
ఎదురుగా ఉన్న తలుపు వెనక్కి పోతోందనుకున్నా,
పోతోంది నేనే.
దేనికో తగిలి కుర్చీ ఆగింది.
తిరిగి చూస్తే, మోకాలు.
డెబ్భై అయిదు దాటిన మోకాలు.
"దిగు బిడ్డా" అన్నాడు, "చూసుడు అయిపోయింది."

తర్వాత టీ వచ్చింది. బండ్లు వెళ్లిపోయాయి.

సాయంత్రం ఫైలు తెరిస్తే
"పూర్తయినది" పక్కన కర్సర్ మినుకుతోంది.
చెరిపాను. ఏం రాయాలో తోచక
అరచేతుల్లో ఎర్రచారలు కాసేపు చూసుకుని
"అయిదుకొకటి" అని కొట్టాను.
రేపు పైవాళ్లు దిద్దుతారు, తెలుసు.

సొరుగు లాగి తాళంచెవి తీశాను.
పెట్టె నిండా ఒకటే చేతిరాత.
అన్నిటికన్నా అడుగున ఉన్న కాగితం మీద తారీఖు
ర్యాంపుకి ఇంకా టెండరైనా పిలవని నెలది.
తారీఖు కింద, స్కేలు పెట్టి గీసిన బొమ్మ:
పన్నెండుకొకటి.