చేబదులు

డాబాగార్డెన్స్ సందులో మాది డీటీపీ షాపు.
పెళ్ళి కార్డులు, అద్దె కాగితాలు, పోర్టు పెన్షనర్ల అర్జీలు,
మధ్యలో ఒక సినిమా.

పొట్నూరు సన్యాసిరావు గారు
రూళ్ళ కాగితాల మీద పెన్సిల్‌తో రాసి తెచ్చేవారు.
కొట్టివేతలు ఎక్కడా ఉండవు,
రబ్బరు పొట్టు మాత్రం నా కీబోర్డు సందుల్లో రాలేది.
పేజీకి పన్నెండు రూపాయలు.
దిద్దుబాట్లకి విడిగా అడిగితే
"రిలీజుకి చూసుకుందాం తల్లీ" అనేవారు.

మొదటి దర్శకుడు భీమిలి రోడ్డు మీద
కొబ్బరిబొండం తాగుతూ కథ విన్నాడట, ఏడ్చాడట.
మొదటి పేజీలో ఆయన పేరు ఇరవయ్యెనిమిది సైజులో పెట్టాను.
నాలుగు నెలలకి ఎవరో పెద్ద హీరో పిలిచాడని వెళ్ళిపోయాడు.
పేరు చివర కర్సరు పెట్టి వెనక్కి నొక్కుకుంటూ పోయాను.
ముందు కొమ్ము పోతుంది, తర్వాత అక్షరం.

రెండో ఆయన ఉండిపోతాడనుకున్నాం.
లాసన్స్ బే కాలనీలో గది తీసుకుని
జాలరే ఎందుకు, నేవీ ఆఫీసరైతే? అన్నాడు.
మూడు వారాలు జాలరికి యూనిఫాం తొడిగి టైపు చేశాను.
నాలుగో వారం ఆయనా రాలేదు, ఫోనూ రాలేదు.
యూనిఫాం విప్పేశాం.
గది అద్దె సన్యాసిరావు గారే కట్టారని
లాడ్జి కుర్రాడు జిరాక్సుకొచ్చి చెప్పాడు.

ఫైలు పేరు "చివరిది".
తర్వాత "చివరిది కొత్తది".
తర్వాత "ఇదే చివరిది".

ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది.
అరవై రెండో సీను సగం ఎగిరిపోయింది.
కాగితాలు ఆయన పట్టుకుపోయారు, పొద్దున్న ఆరింటికి కొరియరు.
పడవ తిరిగి రాని పదకొండో రోజు
ఫిషింగ్ హార్బర్లో నిలబడి పోలమ్మ ఏదో అనాలి.
ఏమందో ఎంతకీ గుర్తు రాలేదు.
మా పెద్దమ్మ అనే మాట కొట్టేశాను:
"సముద్రానికి సేబదులిచ్చినాను గానీ
రాసియ్యనేదు."

మూడో దర్శకుడు తీశాడు.
జగదాంబ దగ్గర హాల్లో మొదటి ఆట.
కథ, మాటలు, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం, అన్నిటికీ ఒకే పేరు,
నేను పెట్టిన సైజు కంటే పెద్దది.
సన్యాసిరావు గారు కృతజ్ఞతల్లో వెతుక్కున్నారు.
ఐస్ ఫ్యాక్టరీ ఉంది, హార్బర్ పోలీసులున్నారు,
రెండు కుక్కల్ని అరువిచ్చినాయన ఉన్నాడు.

అరవై రెండో సీనుకి హాలంతా ఈలలు.
చీకట్లో నా చెయ్యి నొక్కి అన్నారు:
"ముగ్గురు మారారు, ఆ ఒక్కటీ మార్చలేకపోయారు చూశావా.
అది నాది."
అవునండీ అన్నాను.
పాప్‌కార్న్ ఆయన వైపు జరిపాను.

సోమవారం వచ్చి దిద్దుబాట్ల బాకీ
చిల్లరతో సహా లెక్కగట్టి ఇచ్చారు.
కొత్త రూళ్ళ కాగితాలు బల్ల మీద పెట్టి
మొదటి పేజీ ఖాళీగా ఉంచమన్నారు.

పూర్ణా మార్కెట్లో, ఎండుచేపల బల్ల దగ్గర
పెద్దమ్మకి ఆ ముక్క ఫోన్లో చూపించాను.
రెండుసార్లు వింది.
"పిల్ల బాగుంది. తొందరగా అనేసినాది.
ఇచ్చినాను అన్నాక ఓపాలి నీళ్ళకేసి సూడాల గదేటి."
నీ మాటే పెద్దమ్మా అన్నాను.
"నాదేటి, మాయమ్మది.
దానికెవులు సెప్పారో నానడగనేదు."
అని నెత్తళ్ళు పావు కేజీ తూచి
అడక్కుండానే
గుప్పెడు కొసరు వేసింది.