చుక్కల గీత

వంటింటి బల్ల మీద పటం పరిచాం.
నాలుగు మూలలా నాలుగు బరువులు:
కాఫీ కప్పు, బీన్సు డబ్బా, నా కళ్ళజోడు,
మా అన్న కూతురు కోర్లిస్ మోచెయ్యి.
మే నెల. కిటికీలోంచి చూస్తే
బిటర్‌రూట్ కొండల నెత్తి మీంచి
చలికాలం ఇంకా దిగిపోలేదు.

"ఇక్కడ గీత తెగిపోయిందేం అత్తా?"
తెగలేదే, చుక్కలైంది.
గీత ఉందంటే ఏటేటా ఎవరో రంపం పట్టుకుని వెళ్తున్నట్టు.
చుక్కలున్నాయంటే, ఒకప్పుడు వెళ్ళేవాళ్ళం అన్నట్టు.

ఇరవై రెండు వేసవులు నేనూ ఆర్విడ్
ఆ దారికి అడ్డంపడ్డ చెట్లు కోశాం.
ఇంజను రంపం అక్కడికి రానివ్వరు.
ఇద్దరు మనుషుల రంపం, చెరో పిడి.
లాగడమొక్కటే నీ వంతు, తొయ్యకూడదు.
తోస్తే రేకు వంగుతుంది, అవతలి మనిషికి ఒళ్ళు మండుతుంది.
పెళ్ళి లేని మా కాపురానికి
అంతకు మించిన మంత్రం ఎవరూ చదవలేదు.

రేంజరు ఆఫీసుకి ఫోను చేస్తే
కొత్త కుర్రాడు మర్యాదగానే చెప్పాడు:
"మంటలొచ్చాక అటు ఎవరూ వెళ్ళలేదండీ.
కాలిన మానులు పడుంటాయి. ఎన్నో తెలీదు."
కోర్లిస్ పుస్తకంలో రాసుకుంది: ఎన్నో తెలీదు.
కింద రెండుసార్లు గీసింది.

ఇక తూకం.
త్రాసు మీద ఒక్కొక్కటే ఎక్కి దిగుతోంది:
ఓట్సు, వెన్న, ఎలుగుబంటి విప్పలేని డబ్బా.
టూత్‌బ్రష్షు పిడి సగానికి కోసేసింది.
నేనటు తిరగ్గానే రెండో జత మేజోళ్ళు తీసేసింది.
తనటు తిరగ్గానే నేను మళ్ళీ కుక్కాను.
మూడుసార్లు సాగిందీ దొంగాట,
ఇద్దరమూ పైకి నవ్వలేదు.

రోజుకి పది మైళ్ళని తను వేసిన లెక్క.
నాలుగని దిద్దాను.
మాను ఎక్కి దిగడానికి ఐదు నిమిషాలు,
అలాంటివి నూట ఎనభై అనుకో, నువ్వే గుణించు.
గుణించింది. పెన్సిలు కొరికింది.
ఇంకో మూడు రోజుల తిండి సంచిలో వేసింది.

ఏరు దాటే చోట రాశాను: పొద్దున్నే దాటు.
మధ్యాహ్నానికి మంచు కరిగి నడుం దాకా వస్తుంది.
ముందు సంచి బెల్టు విప్పు, ఆ తర్వాతే నీళ్ళలో కాలు.
సంచి పోతే పోనీ.
ఆ చివరి ముక్క ఒక్కటీ పెన్నుతో రాశాను.

కనుమ దగ్గర చెయ్యి ఆగింది.
చిన్న గడ్డిబయలు, మూడు తెల్లబెరడు పైన్లు,
బండ కింద ఊట. ఉండేవి.
ఆర్విడ్ తన పిడి కూడా నా చేతికిచ్చి
"వచ్చే ఏడు రెండువైపులా నువ్వే లాగాలి" అన్నదక్కడే.
ఇప్పుడక్కడ బొగ్గుందో, పువ్వులున్నాయో.

"ఇక్కడేం రాయలేదేం?"
నువ్వు రాసుకురా, అని పెన్సిలు తన ముందుకి తోశాను.
తీసి త్రాసు మీద పెట్టింది.
కాసేపు చూసి, కత్తితో సగానికి కోసింది.
మొనున్న ముక్క సంచిలోకి.
మొన లేనిది నాకు.

చెక్కుకోవాలి.