నిండుకుంది

మైలవరం కట్ట దిగువన నాపరాయి మీద
కొలబద్ద బిగించుకుని కూర్చున్నాను.
తెల్లారి ఐదున్నరకు కుళ్ళాయప్ప పుట్టి ఒడ్డుకు తగిలింది.
బొచ్చెలు, మోసులు, జిలేబీలు. అవి నాకొద్దు.
నాకు వాలుగలు కావాలి,
మూతి నుంచి తోక చీలిక దాకా, సెంటీమీటర్లలో.

ఎనిమిది నెలలకు నలభై ఏడు.
ఐదేసి సెంటీమీటర్లకు ఒక గడి చొప్పున
పదహారు గడులు గీశాను.
చిన్నవి మొదటి మూడింట్లోనే
జమ్మలమడుగు బస్సులో జనంలా ఇరుక్కున్నాయి.
ఎనభై దాటాక తొమ్మిది గడుల్లో
ఒక్క పొలుసు లేదు.

రాత్రి అద్దెగదిలో, ఫ్యాను గరగరల కింద,
లెక్క నడిపితే మధ్యలో ఆగిపోయింది.
సున్నాకు లాగరిథం అడిగానట.
ఆ బావికి అడుగు లేదు.
చేద వేస్తే తాడుతో పాటు మనిషినీ లాక్కుంటుంది.

మా అవ్వ బియ్యం లేవని ఎన్నడూ అనలేదు.
నిండుకున్నాయి, అనేది.
అని, కడవ అడుగున గుప్పెడు మిగిల్చేది
చెయ్యి పెడితే వట్టి మట్టి తగలకూడదని.
చేపల లెక్కలు రాసే పెద్దవాళ్ళూ అంతే,
ప్రతి గడిలో ఒక చిటికెడు వేస్తారు.
ఎంత చిటికెడు అంటే మాత్రం
ఒక్కొక్కరి వేళ్ళు ఒక్కో లావు.

నూటికొకటి వేసి చూశాను.
తొమ్మిది ఖాళీ గడులు, తొమ్మిది చిటికెలు,
కలిపితే నాలుగు ముసలి వాలుగలు!
ఎవరూ పట్టనివి, ఎవరూ వండనివి
నా కంప్యూటర్లో హాయిగా ఈదుతున్నాయి.
నీళ్ళ నిండా చేపే అంది లెక్క.
ఆ మాట నమ్మితే వచ్చే ఏడు
ఇంకో నలభై పుట్లు దిగుతాయి.

కోటికొకటి వేశాను.
ఈసారి ఖాళీ గడులే గొంతు చించుకున్నాయి.
నలభై ఏడు నిజం చేపలు నోరు తెరిచినా
ఎవరికీ వినబడలేదు.

పొద్దున కుళ్ళాయప్పకు చెప్పాను, చెప్పగలిగినంత.
బీడీ ఆర్పి, వలకన్నులో రెండు వేళ్ళు దూర్చి చూపించాడు.
"ఈ కంట్లో ముసిలిది నిలబడదు మేడం.
పోయిన వానల్లో ఒగటి సించుకోని పాయ, నా తొడంత.
దొరకల్యా అని రాసుకో.
ల్యా అని రాయొద్దు."

రెండు మాటలకూ నా పట్టీలో ఒకటే గుర్తు,
గుండ్రంగా.

నలభై ఏడింటిని కొలిచి
కోటిలో వంతు గురించి మాట్లాడటానికి నేనెవర్ని?
చివరి తొమ్మిది గడుల గోడలు పడగొట్టి
ఒకటే గది చేశాను: ఎనభై, ఆపైన.
అందులో అరచేప వేశాను.
లెక్కేస్తే మళ్ళీ నూటికొకటే, కాస్త అటూ ఇటూ.
కాని తొమ్మిది చోట్ల కాదు, ఒక్కచోట.

ఆ సాయంత్రం కిలో మోసులు కొంటే
ఓబులక్క తక్కెడ దించేసి
గుప్పెడు చేదుపరిగెలు సంచిలో విసిరింది.
కొసరు తూకంలోకి రాదు,
కూరలోకి వస్తుంది.

అందుకే నివేదిక అడుగున రాశాను:
చివరి గడిలోని అరచేప ఎవరూ పట్టింది కాదు,
నేను వేసింది.

కడప నుంచి సారు ఫోను.
"అరచేప ఏందమ్మా, తలా? తోకా?"
"ఇంకా తెలీదు సార్," అన్నాను.