మూడో చరణం

కావలి ట్రంకు రోడ్డులో జెరాక్సు షాపు మీద గది నాది.
‘పాటల్లోంచి గొంతు తీయబడును’ అని బోర్డు రాయించా.
చదివి నవ్వి పోయేవాళ్ళే ఎక్కువ.
వచ్చినవాళ్ళంతా గొంతే తీసెయ్యమంటారు,
పెళ్ళిళ్ళలో తాము పాడుకోడానికి.
డోలక్ తీసెయ్యమని వచ్చింది
ఒక్క రబ్బానీ సాయిబే.

జేబు రుమాల్లోంచి క్యాసెట్టు తీశాడు.
టేపు తెగిన చోట గోళ్ళరంగుతో అతికించుంది.
“నాట్ల పాట. రెండో వైపు మొదటిది.
డోలక్ వాయించినోణ్ణి తీసెయ్ అబ్బయ్యా.”
ఎవరాయన అన్నా.
“నేనే.”

ముప్పై మూడేళ్ళ కిందట
బిట్రగుంట రైల్వే క్వార్టర్సులో
కిటికీలకు పరుపులు కట్టి
ఒకే మైకు చుట్టూ అయిదుగురు.
మూడో చరణంలో ఒక దెబ్బ ఎగిరిపోయిందట.
మళ్ళీ పాడదామంటే టేపు లేదు,
హార్మోనియం ఆయనకు డ్యూటీ టైమయింది.
అట్నే అచ్చయింది. అట్నే నెల్లూరు బస్సుల్లో మోగింది.
“ఎవురికీ తెలీదు. నాకు తెలుసు గదా.
బస్సులో ఆ పాటొస్తే
కోవూరుకు టిక్కెట్టు కొని
కొడవలూరులోనే దిగిపొయ్యేవోణ్ణి.”

పాటని కంప్యూటర్లో పోశా.
వడ్లూ తాలూ చెరిగినట్టు చెరుగుతుందనుకుంటారు గాని
అది చేసేది ఊహ.
ఇది గొంతయి ఉంటుంది, ఇది తోలయి ఉంటుంది, అని
ఇంటి పెద్ద పోయాక ఆస్తి పంచినట్టు పంచుతుంది.
ఎవరి వాటాలోనో ఎవరిదో కాస్త అంటుకునే వస్తుంది.
హార్మోనియం తిత్తి ఊపిరి గొంతులోకి పోయింది,
గాజుల చప్పుడు డోలక్‌లోకి వచ్చింది.

డోలక్ లేని పాట ముందు పెట్టా.
సుగుణరత్నమ్మ ఒక్కతే నడుస్తోంది
గట్టు లేని చేలో.
మూడో చరణంలో, సరిగ్గా అక్కడ,
ఆగింది.

ఆ ఆగడం నాకు తెలుసు.
ఆ పాట ఎవరు పాడినా అక్కడ ఆగాల్సిందే.
మా చిన్నమ్మ నారు కట్ట విసరబోయి ఆగేది,
స్కూలు పోటీల్లో చప్పట్లు పడేది అక్కడే.
పాటలోనే ఉందనుకున్నాం.
దెబ్బ రాలేదని ఆగిందా మనిషి.
వస్తుందేమోనని చూసింది, అంతే.

సాయిబు చాలాసేపు ఏమీ అన్లేదు.
ఫ్యాను వంక చూసి,
“డోలకొక్కటే పెట్టు” అన్నాడు.

ఎడమ చెయ్యి గుమకలు, కుడి చేతి వేళ్ళు,
మధ్యలో ఉంగరం అంచుకు తగిలిన టిక్కు.
“ఆ ఉంగరం ఆ ఏడే అమ్మేశా.”
మూడో చరణం దగ్గరపడేకొద్దీ
డోలక్ కింద ఇంకో డోలక్ లేచింది,
దడదడ దడదడ, దడదడ దడదడ.
మిషను తప్పేమో అన్నా నేను.
ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.
“గూడ్సు బండి!”

పరుపుల సందుల్లోంచి దూరిన బండిని
కంప్యూటరు వాద్యాల కింద జమకట్టింది.
చక్రాల లెక్క ఆయన లెక్కలోకి జొరబడి,
ఆయన చెయ్యి గాల్లో ఉండిపోయిన ఆ రవ్వంత సేపూ
బండే వాయించింది.

మూడుసార్లు వేయించుకున్నాడు.
మూడోసారి బల్ల మీద
చూపుడు వేలు ఎత్తి, ఆపి, దించాడు.

బండిని కూడా తీసెయ్యమంటారా అన్నా.
“దాన్నెందుకు, పాపం.”
సెల్లులోకి ఏది ఎక్కించమంటారు మరి?
గొంతొక్కటా? డోలకొక్కటా?
“ముందెట్టుండాదో అట్ట.”
అది ఊరికే అయ్యే పని, డబ్బులొద్దన్నా.
వినకుండా బల్ల మీద యాభై పెట్టాడు.

మెట్లు సగం దిగి మళ్ళీ పైకి చూశాడు.
“మీ బోర్డులో గొంతుకు సున్నా రాలిపొయ్యింది, చూసుకో.”

దిగి చూశా. నిజమే, లేదు.
ఎన్నాళ్ళయిందో.
జనం చదువుకుంటూనే ఉన్నారు.