వాలు

రాత్రి రెండుంబావుకి మళ్ళీ మొదలైంది.
టంగ్. టంగ్.
ఆగి, ఇంకో టంగ్.
మండపేట దాటాక ఉప్పుడుబియ్యం మిల్లులో
ఆవిరి గొట్టాన్ని లోపల్నుంచి ఎవరో సుత్తితో బాదుతున్నట్టు.

"పైపులో మనిషున్నాడండీ" అంది
నానుడు తొట్టి దగ్గర నూకరత్నం.
నేను నవ్వలేదు. నవ్వడానికి పిలవలేదు నన్ను.
నాలుగు రోజులుగా ధాన్యం సగం ఉడికి సగం ఉడక్క
గింజ నడుమ తెల్లబొట్టు మిగిలిపోతోందట,
లారీకి లారీ తిరిగొస్తోందట.

నాకంటే ముందొచ్చినవాళ్ళు
సేఫ్టీ వాల్వు మార్చారు, గేజీ గ్లాసు మార్చారు,
ఊక తడిగా ఉందని తిట్టి ఊక మార్చారు.
చివరికి బాయిలరుకి కొబ్బరికాయ కొట్టి
పసుపు రాసి వెళ్ళారు.
ఇంకా తడారలేదు ఆ పసుపు.

నా సంచిలో పొడుగు స్క్రూడ్రైవరు ఒకటుంటుంది.
పిడి చెవికి ఆనించి మొన గొట్టానికి తాకిస్తే
ఇనుం మాట్లాడుతుంది.
గవర్రాజు మావ నేర్పాడు.
చెవి తమ్మె మీద ఈ కాలిన మచ్చ
ఆ మొదటి పాఠం తాలూకుదే.

బాయిలరు దగ్గర వింటే ఒట్టి ఈల.
మొదటి దిమ్మ, ఏమీ లేదు.
రెండోది, ఎక్కడో దూరంగా.
నాలుగో దిమ్మ దగ్గర
దెబ్బ నా పళ్ళలో పడింది.

తాపీమేస్త్రీ వాడే నీళ్ళగొట్టం తెప్పించాను.
ఈ కొసన నూకరత్నం, ఆ కొసన నేను.
"ఎత్తు, ఇంకొంచెం, ఆగు."
రెండు వేళ్ళ మందం దిగిపోయింది దిమ్మ.
మొన్న తుపానుకి పెరట్లో ఆరు రోజులు నీళ్ళు నిలిచాయిగా,
ఒండ్రు మెత్తబడి
ఎవరికీ చెప్పకుండా మెల్లగా కూర్చుంది.

ఆవిరి చల్లారితే నీరే కదా.
నీరు కుంగినచోట నిలిచిపోయింది.
వెనకనుంచి తరుముకొచ్చిన ఆవిరి
ఆ నీటిని ముద్దలా ఎత్తి
మూలమలుపుకేసి కొడుతోంది.
నీరు పల్లమెరుగునని అనని నోరుందా ఈ కాలవల దేశంలో!
బోదె తవ్వేవాడికి తెలుసు, లాకుల లస్కరుకి తెలుసు,
ఆకుమడిలో వేలు ముంచి చూసే ముసలమ్మకి తెలుసు.
గొట్టానికి మాత్రం ఎవరూ వాలు చూళ్ళేదు.

చూళ్ళేదనడం తప్పు.
దిమ్మ మీద సున్నం పెచ్చు ఊడినచోట
లోపల పాత తారు గీత కనపడింది,
గోకితే ఒక బాణం, పక్కన వంకర అక్షరాల్లో
"వాలు ఇటు".
ఎవరు రాశాడో. ఏటేటా పండక్కి
మనమే దాని మీద వెల్ల వేసుకుంటూ వచ్చాం.

వాల్వు కట్టి, అడుగున కాకు విప్పితే
ఎర్రటి తుప్పునీళ్ళు, మూడు బకెట్లు.
జాకీతో లేపి సరుగుడు చీలిక దిగ్గొట్టాను.
వీర్రెడ్డి గారు లైటు పట్టుకుని నిలబడ్డారు.
"అంతేనా?" అన్నారు.
ఆ గొంతులో సంతోషంతోపాటు ఏదో చిన్న వెలితి.
అంత నష్టానికి
ఇంకాస్త పెద్ద కారణం ఉండాలనిపిస్తుంది మనిషికి.

"చీలిక తాత్కాలికమండి. దిమ్మ తవ్వి మళ్ళీ కట్టించాలి."
కట్టిస్తారో లేదో.

ఇక వాల్వు తెరవాలి.
పావుచుట్టు తిప్పి ఆగడం,
గొట్టం వేడెక్కేదాకా చెయ్యి తీయకుండా ఉండడం.
తొందరపడ్డవాడికి ఇనుం జవాబు చెప్తుంది.
ఇంకో పావుచుట్టు.
స్క్రూడ్రైవరు చెవికి ఆనించే ఉంది,
ఊపిరి బిగబట్టి అందరం.

సన్నగా, తెంపులేకుండా
ఆవిరి నడిచిపోయింది.
కాసేపటికి తొట్లమీదనుంచి
ఉడుకుతున్న ధాన్యం వాసన కమ్మగా,
నాకెందుకో ఆకలేసింది.

"ఏమయ్యాడు లోపలాయన?" అంది నూకరత్నం.
మూడో బకెట్టు ఎత్తి
పెరటి వెనక మురుక్కాలవలో పోశాను.
"అదిగో, వెళ్తున్నాడు" అన్నాను.
కాసేపు ఆ ఎర్రనీళ్ళు ఎటు పోతాయో తేల్చుకోలేక ఆగి,
తర్వాత కదిలాయి.
ఆమె చెంగు కొసతో నుదురు తుడుచుకుని
నీళ్ళనే చూస్తూ
"పాపం, దారి లేక కొట్టుకున్నాడండి" అంది.